సువార్తమ్మ అడిగిన మంచినీళ్ళు

సువార్తమ్మ పోయిందని పొద్దున్నే పాలు పోసే ఆవిడ గుమ్మంలో నిలబడి చెప్పింది. "పాపం, మీ ఇంటికి బాగా వచ్చేదిగా" అని నా మొహం వంక చూసింది. వచ్చేది. ఇరవై రెండేళ్ళు వచ్చింది. గుమ్మం దాటి లోపలికి మాత్రం ఒక్కసారీ రాలేదు. రమ్మని మేం అనలేదు మరి.

ఈ సంగతి ముందే చెప్పేస్తే మంచిది. పోయినవాళ్ళ గురించి రాస్తున్నామంటూ తమ మంచితనం గురించి రాసుకునేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

అవనిగడ్డ నుంచి నాగాయలంక వెళ్ళే దారిలో మా ఊరు. ఆవిడ ఇల్లు ఊరి చివర పేటలో. అసలు పేరు పెట్టి ఎవరూ పిలిచేవారు కాదు. ఇంటింటికీ తిరిగి క్రీస్తు గురించి చెబుతుంది కాబట్టి సువార్తమ్మ, అంతే. తెల్లచీర, చేతిసంచి, సంచిలో నల్ల అట్ట పుస్తకం. ఎండలో నడిచొచ్చి మా అరుగు దగ్గర ఆగి ఎప్పుడూ ఒకటే మాట.

"అమ్మగారూ, కాసిని మంచినీళ్ళిప్పిస్తారా?"

మా దివిసీమలో మంచినీళ్ళంటే మాటలు కాదు. ఎక్కడ బోరు వేసినా ఉప్పు నీళ్ళే. నేను కాపరానికొచ్చిన కొత్తలో తాగే నీళ్ళు చెరువు నుంచి బిందెలతో మోసుకొచ్చేవాళ్ళం. అయినా దాహమన్న మనిషిని పొమ్మనలేం కదా. అది ఆవిడకి బాగా తెలుసు.

అరుగు పక్క గూట్లో ఆవిడ కోసం మా అత్తగారు సొట్టపడిన స్టీలు గ్లాసొకటి విడిగా ఉంచింది. ఆవిడే తీసుకుని పట్టేది, నేను పైనుంచి పోసేదాన్ని. పెదవి తగలకుండా ఎత్తిపోసుకుని గటగటా తాగి, గ్లాసు తనే కడిగి, మళ్ళీ గూట్లో బోర్లించేది. అప్పుడు కింది మెట్టు మీద కూర్చుని "పెద్దమ్మగారి మోకాళ్ళ నొప్పులెలా ఉన్నాయండీ" అని మొదలుపెట్టేది. పది నిమిషాల్లో మోకాళ్ళ దగ్గర్నించి ప్రభువు దగ్గరికి చేరిపోయేది. నేను లోపల కూర తరుగుతూ మూతి తిప్పుకునేదాన్ని. ఆవిడ నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. నేను "నువ్వు" అనేదాన్ని, ఆవిడ నన్ను "మీరు" అనేది.

అలాగని దేవతేం కాదు. జిడ్డు మనిషి. కూర్చుంటే లేచేది కాదు. ఒకసారి మా గేదె ఈనలేక అవస్థ పడుతుంటే ఎవరూ అడక్కుండానే దొడ్లోకొచ్చి, దాని వీపు మీద చెయ్యేసి ప్రార్థన మొదలెట్టింది. నాకు చిర్రెత్తుకొచ్చింది. "దూడ పుడితే మీ ప్రభువు గొప్ప, పుట్టకపోతే మా కర్మ, అంతేనా?" అన్నాను. "పుడితే దూడ మీదే కదండీ" అని మళ్ళీ కళ్ళు మూసుకుంది. పుట్టింది కూడా. ఆ రోజు మా అత్తగారు ఆవిడకి జున్ను పంపించింది, అరిటాకులో కట్టి. గిన్నెలో పెడితే గిన్నె తిరిగొస్తుందని.

అత్తగారు పోయాక ఇల్లు నా చేతికొచ్చింది. నేను చదువుకున్నదాన్ని కదా, సొట్ట గ్లాసు చూస్తే సిగ్గేసింది. తీసి పారేసి, అదే గూట్లో మెరిసిపోయే కొత్త గ్లాసు పెట్టాను. అదండీ నా సంస్కరణ. తరవాత పేపరు గ్లాసులొచ్చాయి, నాలాంటి వాళ్ళకి పండగే. తాగి పారేస్తే సరిపోయె, పైగా శుభ్రమని పేరు. మా మరిదికైతే ఈవిణ్ణి చూస్తేనే కోపం. "మతాలు మార్చేస్తున్నారొదినా, రానివ్వకు" అని ఎగిరేవాడు. అదే మనిషి డిసెంబరొచ్చిందంటే అవనిగడ్డలో ఒక ఆఫీసరు గారింటికి వెళ్ళి, వాళ్ళ సోఫాలో కూర్చుని, వాళ్ళ ప్లేట్లో కేకు తినొచ్చేవాడు. అక్కడ మతం అడ్డం రాలేదు, కేకు గొంతులో అడ్డం పడలేదు.

ఒక వేసవి మధ్యాహ్నం ఉండబట్టలేక అడిగాను. "ఎప్పుడూ నీళ్ళతోనే మొదలెడతావేంటి? ఊళ్ళో అన్ని ఇళ్ళలోనూ తాగితే నీ పొట్టేం కావాలి?"

నవ్వింది. "మా ప్రభువూ అలాగే మొదలెట్టాడండీ" అంది. ఆయన ఎండలో నడిచి నడిచి అలిసిపోయి ఒక బావి దగ్గర కూర్చున్నాడట. ఒకావిడ నీళ్ళకొచ్చిందట. ఆయన వాళ్ళూ ఆవిడ వాళ్ళూ ఒకరి గిన్నెలొకరు ముట్టుకోరు. అయినా దాహమేస్తోంది, నీళ్ళివ్వమ్మా అని అడిగాడట. అక్కణ్ణించి మాటా మాటా పెరిగి చాలా దూరం వెళ్ళిందట.

"అది సరే, చివరికి ఆవిడ నీళ్ళిచ్చిందా? ఆయన తాగాడా?" అన్నాను.

చెప్పబోయి ఆగిపోయింది. సంచిలోంచి పుస్తకం తీసి, కళ్ళజోడు పెట్టుకుని, వేలుపెట్టి ఒకటికి రెండుసార్లు చదివింది. "ఆవిడ కడవ అక్కడే వదిలేసి ఊళ్ళోకెళ్ళిందని ఉందండీ. ఆయన తాగినట్టు రాయలేదు" అంది. మొహం చిన్నబోయింది. "ఇన్నేళ్ళబట్టి చెబుతున్నాను. ఎవరూ అడగలేదు, నేనూ చూసుకోలేదు."

నేను గెలిచానని మురిసిపోయాను. మరుసటి వారం మళ్ళీ వచ్చింది. పాస్టరు గారిని అడిగిందట. అది అనవసరమైన ప్రశ్న అన్నాడట. "దాహమేసినాయనకి అవసరమే కదండీ" అంది నాతో. ఆ మాటకి నాకు మొదటిసారి ఆవిడ మీద ఇష్టం కలిగింది. నీళ్ళు తాగి, మూతి తుడుచుకుని, "నేను తాగానండీ. మీరు రాసుకోండి" అంది. అప్పణ్ణించి వచ్చిన ప్రతిసారీ అదే మాట. ఇద్దరం నవ్వుకునేవాళ్ళం, నేను పైమెట్టు మీద, ఆవిడ కింది మెట్టు మీద.

నిరుడు బందరు నుంచి టైలు కట్టుకున్న ఇద్దరు దిగారు. అన్యులతో ఎలా మాట కలపాలో నేర్చుకున్న బాపతు. ఆ వేళకి సువార్తమ్మ మా మెట్టు మీదే ఉంది. నా పేరైనా అడక్కుండా, "అమ్మా, ఇప్పటికిప్పుడు మీరు చనిపోతే ఎక్కడికెళ్తారు?" అన్నాడు ఒకాయన.

"శ్మశానానికి. మీరెటు?" అన్నాను.

వాళ్ళు కరపత్రం మెట్టు మీద పెట్టి పక్కింటికి పోయారు. సువార్తమ్మ తల పట్టుకుంది. "ముందు మనకి దాహం వెయ్యాలండీ. వీళ్ళకి దేనికీ లోటు లేదు, ఇంకేం అడుగుతారు?" అంది.

పోయిందన్న కబురు విన్నాక పేటకి వెళ్ళాను. ఇన్నేళ్ళలో అదే మొదటిసారి. మలుపులో ఫ్లెక్సీ కట్టారు, పాస్టరు గారి బొమ్మ నిలువెత్తున, పోయినావిడ బొమ్మ మూలన రూపాయి బిళ్ళంత. ఆయన ముప్పావుగంట ప్రసంగించాడు. వెనక కుర్చీల్లో ఉన్న నన్నూ, ఊళ్ళోంచి వచ్చిన ఇంకో నలుగురినీ చూసి మరింత గొంతు పెంచాడు. ఆవిడ ఒక్క గ్లాసు నీళ్ళతో చేసిన పని మైకుతో కూడా చేతకాలేదు మహానుభావుడికి.

జనం పల్చబడ్డాక లోపలికెళ్ళాను. కూతురు గుడివాడలో నర్సు, ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయి ఉంది. దారంతా ఒకటే అనుకుంటూ వచ్చాను, ఇవాళ నేను అడగాలి, వాళ్ళింట్లో, వాళ్ళ గ్లాసుతో తాగాలి అని. అడిగాను.

"కాసిని మంచినీళ్ళిస్తావా అమ్మా?"

ఆ పిల్ల లోపలికెళ్ళి సీలు తియ్యని నీళ్ళ బాటిల్ తెచ్చి రెండు చేతులతో అందించింది. "అమ్మ ముందే చెప్పి ఉంచిందండీ. అమ్మగారు తప్పకుండా వస్తారు, మన గ్లాసులిచ్చి ఇబ్బంది పెట్టొద్దు, షాపులో బాటిల్ తెచ్చి ఉంచు అని." గొంతులో వెటకారం లేదు. ఉన్నా బాగుండేది.

ఇది వద్దమ్మా, మీరు తాగే గ్లాసుతో ఇవ్వు అనాలి. ఇంకొక్కసారి అడగాలి, అంతే. ఆవిడ ఇరవై రెండేళ్ళు అడిగింది. నాకు రెండోసారి నోరు పెగల్లేదు.

మూత తిప్పాను. టక్కున సీలు తెగింది. అలవాటు ఎక్కడికి పోతుంది, పెదవి తగలకుండా ఎత్తిపోసుకుని తాగాను. గోడవార బల్ల మీద వాళ్ళ స్టీలు గ్లాసులు తోమి వరసగా బోర్లించి ఉన్నాయి.