అందరి మాటా డాక్టరుకు చెప్పిన అత్త

మంగళవారం పొద్దున ఖిదిర్‌పూర్ నుంచి ఫోన్ వచ్చింది. మా మేనత్త పోయింది. ఊరికి ఆ చివరనున్న సాల్ట్ లేక్ నుంచి నేను వెళ్లేసరికి గుమ్మంలో ఒకరు కడుపులో పుండు అంటున్నారు, ఇంకొకరు వయసు అంటున్నారు. ఏం పుండు? అరవై రెండేళ్లు ఏం వయసు? అత్తను చంపింది గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. పేరు పలకడానికి సిగ్గుపడాల్సిన రోగం కాదది. టీకాతో, పరీక్షతో చాలావరకు ఆపగలిగిన రోగం. ఆపనందుకు సిగ్గుపడాలి మనం.

శ్రీకాకుళం నుంచి పెళ్లికూతురుగా ఓడరేవు కార్మికులుండే డాక్ క్వార్టర్స్‌కు వచ్చిన అత్త, చేపల బజారులో బేరాలాడుతూ బెంగాలీ నేర్చుకుంది. ఆ తర్వాత మా క్వార్టర్ల లైన్లో ఏ ఆడమనిషి ఆసుపత్రికి వెళ్లినా వెంట అత్త ఉండాల్సిందే. మొగుడికి కూడా చెప్పని బాధను వాళ్లు అత్త చెవిలో చెప్పేవారు, అత్త దాన్ని డాక్టరుకు చెప్పేది. ఎవరైనా నసిగితే, "సిగ్గు ఇంటికాడ ఒగ్గీసి రాయే. మల్లీ ఎల్లినాక కట్టుకుందువు" అనేది. తిరిగి వచ్చేటప్పుడు బస్టాపులో మరమరాల పొట్లం కొని, రోగి చేత తినిపించి గానీ బస్సెక్కేది కాదు.

అన్నేళ్లలో అత్త తన కోసం ఒక్క పరీక్ష చేయించుకోలేదు.

ముట్లుడిగిన ఎనిమిదేళ్లకు అత్తకు మళ్లీ రక్తం కనిపించింది. పంపు దగ్గర బిందె దించుతూ, "నాకు మల్లీ పడుచుతనం వొచ్చీసిందర్రా" అంది.

"మావకి సెప్పీకు, మల్లీ పెళ్లంటాడు" అంది పక్కింటావిడ.

అందరూ నవ్వారు. ఆ ఆదివారం నేనూ అక్కడే ఉన్నాను, నేనూ నవ్వాను. ముట్లాగిపోయాక రక్తం కనిపిస్తే వెంటనే డాక్టరు దగ్గరకు వెళ్లాలని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. నాకు తెలుసు. మా ఆఫీసు పుణ్యమా అని నా పరీక్షలు ఎప్పటికప్పుడు జరుగుతున్నాయి. స్త్రీల హక్కుల మీద వ్యాసాలు రాస్తాను. అయినా, నువ్వు చేయించుకున్నావా అత్తా అని అడగలేదు. మన తెలుగు సంఘాలకు సన్మానాల శాలువాలకు లోటుండదు గానీ, ఆడవాళ్ల పరీక్షకు ఒక పూట హాలు దొరకదు. ఈ మాట అంటే చాలామందికి కోపం వస్తుంది. రానివ్వండి.

రక్తం ఆగకపోయేసరికి ఆరు నెలల తర్వాత అత్త పరీక్ష చేయించుకుంది. ఫలితం వినడానికి నేను తోడు వెళ్లాను. డాక్టరమ్మ బెంగాలీలో మెల్లగా చెప్పింది. అత్త శ్రద్ధగా విని, అలవాటు కొద్దీ నా వైపు తిరిగి తెలుగులో చెప్పింది: "ఈవిడికి గర్భసంచి మూతికాడ క్యాన్సరంట. ముదిరిపోనాదంట." వేలితో తనను చూపించుకుంది. "ఈవిడంటే నానేనే."

అప్పటి నుంచి అత్త పట్టు ఒక్కటే. పన్నెండేళ్ల మనవరాలికి ఈ క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేయించాలి. తను ఉండగానే వేయించాలి. కోడలు ఒప్పుకోలేదు.

"పెళ్లికాని పిల్లకి ఆ సూదేటి అత్తా? రేపు సమర్తాడితే పదిమందిని పిలవాల. ఆలేటనుకుంటారు?"

"ఆ పదిమందినీ నా మంచంకాడికి రమ్మను. నన్ను సూసినాక అనుకోమను."

కోడలు రెండు రోజులు పంతం వదల్లేదు. తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ల లోపు ఈ టీకా బాగా పనిచేస్తుందని, అది నడవడికకు సంబంధించిన విషయం కాదని నేను గంటసేపు వాదించాను. నా వాదనకు ఆమె కదల్లేదు. మూడో రోజు కోడలే అత్త రక్తపు గుడ్డలు ఉతికి ఆరేసి వచ్చి, "టాక్సీ పిలువు" అంది.

అత్తను ఇద్దరం ఎత్తి కూర్చోబెట్టాం. క్లినిక్‌లో పిల్ల కళ్లు మూసుకుంది, అత్త మూసుకోలేదు. సూది అయ్యాక కోడలు నర్సును అడిగింది, తనకొచ్చిన బెంగాలీలోనే, తలెత్తకుండా: మరి నాకో? టీకా పిల్లకేననీ, ముప్పై దాటిన వాళ్లు క్రమం తప్పకుండా పరీక్ష చేయించుకోవాలనీ చెప్పి నర్సు ఆమె పరీక్షకు ఒక చీటీ రాసిచ్చింది.

తిరిగి వస్తుంటే డాక్ దగ్గర ఓడకు దారివ్వడానికి వంతెన పైకి లేచింది, మా టాక్సీ ఆగింది. టాక్సీలో చెమటలు కారుతున్నాయి. పిల్ల నానమ్మ ఒళ్లో నిద్రపోయింది. అత్త కోడలి చేతిలోంచి ఆ చీటీ తీసుకుంది. చదవడం రాదు. రెండు చేతులతో పట్టుకుని, ఓడ దాటి వంతెన కిందికి దిగేదాకా దాన్నే చూస్తూ కూర్చుంది.