నీకెందుకప్పా జయరాముడు

మా జయరాముడిని ఏమడిగినా ఒకటే జవాబు: "నీకెందుకప్పా?" టైమెంతని అడిగినా అంతే, తిన్నావా అని అడిగినా అంతే. ఒకసారి ఆసుపత్రికి పోయి, ఏం కష్టమని అడిగిన డాక్టరుకు కూడా ఆ మాటే చెప్పి, మందు లేకుండా తిరిగొచ్చాడు.

పని ముగించుకుని రోజూ సాయంత్రం ఉరవకొండలో బస్సెక్కుతాడు. ఇల్లు కూడేరులో. కండక్టరు "యాడికన్నా?" అంటే "నీకెందుకప్పా?" అంటాడు. టికెట్టు కొట్టాలి కదా అని అతను మొత్తుకుంటే, అనంతపురానికి టికెట్టు తీసుకుని కూడేరులో దిగిపోతాడు.

"నువ్వు దిగేది కూడేరులోనని బస్సులో అందరికీ తెలుసన్నా. ఊరికే దండగ ఎందుకు?" అని కండక్టరు బతిమాలాడు.

"తెలిస్తే తెలియనీ. నా నోటితో చెప్పలేదు కదా."

ఇలాంటి మనిషికి మా రైతు సంఘం సమాచారం కాపలా అప్పజెప్పాం. మా బోర్ల వివరాలు ఆఫీసు బీరువాలో ఉండవు. ఎక్కడో ఒక కంపెనీ పెద్ద కంప్యూటర్లలో ఉంటాయి, దాన్ని క్లౌడ్ అంటారు. రైతు తన బోరు సంగతి ఫోన్లో కొడితే అక్కడికి చేరుతుంది. ఎవరిది వాళ్లకే కనబడేలా జయరాముడు తాళాలు వేశాడు. నేను సంఘానికి కార్యదర్శిని. నాకు కూడా మొత్తం లెక్కే తప్ప పేర్లు కనబడవు. పేర్లతో సహా చూడగలిగేది జయరాముడొక్కడే.

ఆ తాళాలను మా పల్లెవాళ్లు వారం తిరగకుండానే ఊడబీకారు. లోపలికి పోవాలంటే ఫోనుకు ఓటీపీ రావాలి. ఎవరి ఫోనులో ఎప్పుడు చార్జింగు ఉంటుందో తెలియదు కాబట్టి, వీధంతా కలిసి హోటలు ముత్యాలప్ప నంబరు ఇచ్చేశారు. ఓటీపీ రాగానే ఆయన దోసె గరిటె పట్టుకుని బయటికొచ్చి, "పుల్లన్నా, నీది ఏడు, రెండు, సున్నా, నాలుగు" అని వీధి చివరిదాకా వినిపించేవాడు.

సంగతి తెలిసిన రోజు జయరాముడు హోటలు అరుగు మీద తల పట్టుకుని కూలబడ్డాడు.

"ఏమన్నా, తలనొప్పా?" అన్నాడు ముత్యాలప్ప.

"నీకెందుకప్పా," అన్నాడు గానీ గొంతులో జీవం లేదు. మర్నాటి నుంచి ఇల్లిల్లూ తిరిగి, బతిమాలి, ఎవరి నంబరు వాళ్లకు పెట్టించాడు.

ఈ ఏడు వాన మొహం చాటేసింది. వేరుశనగ మొలకలోనే మాడిపోయింది. బోర్లు ఒకదాని వెనక ఒకటి ఎండిపోయాయి. బోరు పోతే మా వైపు ఎవరూ బయటికి చెప్పుకోరు. నీళ్లు రాకపోయినా, పక్క చేనివాళ్లకు చప్పుడు వినబడాలని కాసేపు మోటరు తిప్పుతారు. ఎందుకంటే సంగతి పొక్కితే చుట్టాలకన్నా ముందు భూముల బేరగాళ్లు దిగుతారు, సగం ధరకు అడుగుతారు. నా బోరూ పోయింది. నేనూ ఉత్త మోటరు తిప్పాను. ఆ చప్పుడు వింటుంటే ఏడుపొచ్చేది.

మా అధ్యక్షుడు నరసింహప్ప బావమరిది శ్రీరంగప్పది ఆ బేరాల వ్యాపారమే. ఒకరోజు నరసింహప్ప ఆఫీసుకొచ్చి జయరాముడి ఎదుట కూర్చున్నాడు.

"ఎండిన బోర్లు ఎవరెవరివో చూపీ."

"నీకెందుకప్పా?"

"నేను అధ్యక్షుడ్ని."

"అవునన్నా. అయితే ఎందుకని అడుగుతాండా."

"మా బావమరిది చూడల్లంటాండాడు."

"ఆయప్పకెందుకు?"

"నెలాఖరుకు నీ పని తీసేస్తా, చూడు."

"పోతే పోనీలే. తాళం మాత్రం తీయను."

పక్క బల్ల దగ్గర నేను లెక్కేసుకున్నాను. అతను పోతే తాళం పోతుంది, తాళం పోతే నా చేను పోతుంది.

శ్రీరంగప్ప నెలాఖరు దాకా ఆగలేదు. బోరు పోయిన ఇళ్లకు ఆ వారమే సంఘం ట్యాంకరుతో నీళ్లు పంపడం మొదలుపెట్టింది. అది ఆగిన ఇల్లు చూసుకుంటే పేర్లతో పనేముంది? స్కూటరెక్కి ట్యాంకరు వెనకపడ్డాడు. తాళాలు ఎన్ని వేసి ఏం లాభం, ట్యాంకరే చాటింపు వేస్తుంది అనుకుని నేను ఆశ వదిలేశాను.

ట్యాంకరు మొదట ఆగింది నరసింహప్ప ఇంటి ముందు. తర్వాత పక్కింటి ముందు. ఆ తర్వాత వీధిలో ప్రతి గడప ముందూ ఆగింది. ప్రతి పెరట్లోకీ పైపు లాగి, కాసేపు ఉండి, చుట్టుకుని పోవాలని డ్రైవరుకు జయరాముడి ఆర్డరు. నీళ్లు ఎక్కడ వదలాలో మాత్రం అప్పటికప్పుడు ఫోన్లో చెప్పాడు. వీధిలో స్కూటరు మీదున్న శ్రీరంగప్పకు ఏదీ అంతు చిక్కలేదు.

ట్యాంకరు మొదట ఆగింది ఆయన ఇంటి ముందే కాబట్టి, పొద్దుగూకే లోపు నరసింహప్ప బోరు పోయిందని ఊరంతా పాకింది. పక్క ఊళ్ల బేరగాళ్లు ఆయన తోటను సగం ధరకు అడగడానికి బారులు తీరారు. "కష్టంలో ఉండారంట కదన్నా" అని ఓదార్చారు కూడా.

మర్నాడు ఆయన ఆఫీసులోకి ఊగిపోతూ వచ్చాడు. "నా బోరు బాగుండాదని వాళ్లకు చెప్పు జయరాముడూ."

"బోరు సంగతి ఎవురికీ చెప్పనన్నా. నీదైనా అంతే."

నరసింహప్ప వచ్చిన దారినే వెనక్కి తిరిగాడు. పోయేటప్పుడు, "బేరగాళ్లు వాకిట్లో నిలబడితే ఎట్లుంటుందో తెలిసొచ్చె. ఆ తాళం అట్లే ఉండనీ" అన్నాడు. నెలాఖరు మాట మళ్లీ ఎత్తలేదు.

ఆ సాయంత్రం జయరాముడితో పాటు నేనూ బస్సెక్కాను. ఉత్తగా తిప్పి తిప్పి మోటరు కాలిపోయింది, మా ఊళ్లో తెలియకుండా కూడేరులో మెకానిక్కును మాట్లాడాలి. నీళ్ల కోసం కాదు, చప్పుడు కోసం. మా పెరట్లో తొట్టి ముందురోజే నిండింది. బోరు పోయిన సంగతి ఫోన్లో కొట్టడమే తప్ప నేను మనిషన్నవాడికి చెప్పలేదు.

"నాది పోయిందని నీకు ఎప్పట్నుంచి తెలుసప్పా?" అన్నాను.

"నీకెందుకప్పా?" అని కిటికీలోంచి బయటికి చూశాడు. బయట ఎండిన చేలు తప్ప ఏమీ లేవు.

కండక్టరు వచ్చాడు. జయరాముడిని అడగడం ఎప్పుడో మానేశాడు కాబట్టి నా వైపు తిరిగాడు.

"మీరు యాడికి సార్?"

"నీకెందుకప్పా?" అన్నాను.

కండక్టరు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, నిట్టూర్చి, అనంతపురానికి రెండు టికెట్లు కొట్టాడు.