ఆలిచిప్ప కింద రెండు చేపలు

నా తమ్ముడు సుందర్ రావు కాజీపేటలో గూడ్సు గార్డు. బండి చివరి పెట్టెలో ఒక్కడే కూర్చుని పచ్చజెండా ఊపే పని. వాడికి తగిన పని అదొక్కటే. నలుగురు కనబడితే వాడి నోరు పడిపోయేది. నాలుగు సంబంధాలు చూశాను. నాలుగు చోట్లా పిల్ల ముందు తన గోళ్ళు తాను చూసుకుని లేచి వచ్చాడు. ఐదోది చూడటం మానేశాను. నా పెనిమిటి పోయాక నేనూ వాడి క్వార్టర్‌లోనే ఉన్నాను.

డెబ్బై మూడులో వాడు రెండు చేపలు తెచ్చాడు. విశాఖపట్నం వైపు బండి నడిపే గార్డు సారంగపాణి, సముద్రపు ఒడ్డున రాళ్ళ మధ్య పట్టి ఇచ్చాడట. చేపలంటే చేపలా అవి! చిటికెన వేలి కొసంత. ఒంట్లోంచి ముల్లు కనబడేది. వాటికి ఒక గాజు పెట్టె, గాలి ఊదడానికి కరెంటు మోటారు. నెలకోసారి సారంగపాణి బెజవాడ దాకా పంపిన సముద్రపు నీళ్ళ డబ్బాను మావాడు కాళ్ళ మధ్య పెట్టుకుని తెచ్చేవాడు.

ఆ చేపలు వాడికి మించిన సిగ్గరులు. పెట్టెలో ఒక ఆలిచిప్ప బోర్లించి ఉండేది. ఎప్పుడూ దాని కిందే. పక్క క్వార్టర్ యాకమ్మ వచ్చి వంగి వంగి చూసి అంది:

“ఏంది వదినా, మీ తమ్ముడు ఉత్త నీళ్ళకు కరెంటు పెట్టిండా?”

“లోపల ఉన్నయే. నీ మొకం చూసి దాక్కున్నయి.”

వాడు డ్యూటీ దిగగానే ఆ పెట్టె ముందు కదలకుండా కూర్చునేవాడు. ఎనిమిది నెలలు కూర్చున్నాడు. ఒకనాడు పొద్దున “అక్కా, జర రా, సప్పుడు చెయ్యకు” అని పిలిచాడు. నీళ్ళలో వాడి వేలు. వేలి కొసన దోమపురుగు. ఆలిచిప్ప కింది నుంచి ఒకటి వచ్చింది, దాని వెనక రెండోది. తిని, వేలి పక్కనే ఆగాయి. తమ్ముడి కళ్ళల్లో నీళ్ళు. ముప్పై ఏడేళ్ళ మగవాడు చేపలకు ఏడవడమేమిటని నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను.

మరుసటి మే నెలలో రైళ్ళ సమ్మె వచ్చింది. సమ్మెలో ఉన్నవాళ్ళను పట్టుకుపోతున్నారని తెలిసి, సమ్మెలో ఉన్న మావాడు సంచి సర్దుకుని నెక్కొండలో దాక్కోవడానికి బయలుదేరాడు. గడపలో నిలబడి ఒక్కటే అడిగాడు.

“అక్కా, పెట్టె మీద గీత గీసిన. నీళ్ళు కిందికి దిగితే బాయినీళ్ళు పొయ్యి. పురుగులు రెండెయ్యి. నేనొచ్చెదాక ఆ రెంటిని బతికియ్యి, సాలు.”

“నీ ఫికర్ చేసుకో పో. చేపలు సాకుడు నాకు రాదా?”

మూడోనాడు వాడిని పట్టుకుని జైల్లో పెట్టారు.

ఎండలు మండిపోతున్నాయి. పెట్టెలో నీళ్ళు రోజూ ఒక చెంబెడు దిగిపోయేవి. సముద్రపు చేపలకు చప్పటి బావినీళ్ళేమిటి, పోలీసుల భయంతో వీడికి మతి పోయిందనుకున్నాను. అప్పుడే ఇంట్లో ఆవకాయ పెడుతున్నాను. ఉప్పు తగ్గితే ఏదైనా చెడిపోతుందని నాకొకరు చెప్పాలా? చెంబు నీళ్ళకు పిడికెడు దొడ్డుప్పు కలిపి పోశాను. ఇరవై రోజులు పోశాను. రుచి చూడకుండా ఏదీ ఎవరికీ పెట్టని దాన్ని, చేపల నీళ్ళని రోతపడి ఆ నీళ్ళు మాత్రం నాలుక మీద వేసుకోలేదు.

ఎండకు నీళ్ళే పోతాయి, ఉప్పు పోదు. పొయ్యి మీద పులుసు ఇగిరితే ఉప్పు ఎక్కదూ? ముప్పై ఏళ్ళు పులుసు కాచిన చేతికి ఆ మాట తట్టలేదు.

చేపలు కనబడలేదు. ఎప్పుడు కనబడ్డాయి గనక? దాక్కున్నాయిలే అనుకుని రోజూ పురుగులు వేశాను. పురుగులు అడుగున పడి ఉన్నా, నేనంటే సిగ్గు, తర్వాత తింటాయి అనుకున్నాను.

సమ్మె ఆగిపోయాక వాడిని విడిచిపెట్టారు. మాసిన గడ్డంతో వచ్చి, అన్నం కూడా అడగకుండా పెట్టె ముందు కూర్చున్నాడు. వేలు నీళ్ళలో పెట్టాడు. పొద్దు వాలేదాకా అలాగే. చివరకు ఆలిచిప్ప ఎత్తాడు. దాని కింద తెల్ల దారప్పోగుల్లాంటివి రెండు. వేలు కదిలితే అవీ కరిగిపోయాయి. ఆ వేలు నోట్లో పెట్టుకుని చూశాడు.

“బాయినీళ్ళేనా అక్కా?”

“ఆఁ, బాయినీళ్ళే” అన్నాను. జన్మలో వాడికి చెప్పిన అబద్ధం అదొక్కటే.

తలూపి, మోటారు తీగ పీకేశాడు. పెట్టెను సీమచింత చెట్టు కింద పెట్టాడు. ఆ తర్వాత నన్ను ఒక్క మాటా అనలేదు. అని ఉంటే తిరిగి నాలుగు అనేదాన్ని, ఇద్దరికీ తేలికయ్యేది. సమ్మెలో పోయిన ఉద్యోగం మూడేళ్ళకు తిరిగి వచ్చింది. డ్యూటీ నుంచి వచ్చేవాడు, తినేవాడు, గోడవైపు తిరిగి పడుకునేవాడు. నేను గదిలోకి వెళితే లేచి వసారాలోకి వెళ్ళేవాడు. పదేళ్ళు ఒకే ఇంట్లో అలా తప్పుకుని తిరిగాడు.

ఎనభై నాలుగులో గుండె ఆగి పోయాడు. సమాధి దగ్గర సారంగపాణి నా పక్కన నిలబడి కళ్ళు తుడుచుకున్నాడు.

“మళ్ళీ రెండు పట్టి ఇస్తానని ఎన్నిసార్లో అడిగాను మరియమ్మక్కా. వినలేదు.”

“ఏమన్నడు?”

అతను నేలచూపులు చూశాడు. నేను వదల్లేదు.

“‘వద్దు పాణీ, డ్యూటీకి పోతే మల్ల అక్క చేతిలనే పెట్టి పోవాలె’ అన్నాడు.”

గాజు పెట్టె ఇంకా సీమచింత కిందే ఉంది. వాన పడితే నిండుతుంది. ఆ నీళ్ళు పారబోయడానికి కూడా నాకు చెయ్యి రాదు.