తెర వెనక కూర్చున్న సాయంత్రం

నా చిన్నప్పుడు నేను కొందరు పిల్లలు తినే తిండి మీద ఒక చెడ్డమాట పుట్టించాను. ఆ పిల్లలను నేను ఎన్నడూ కలవలేదు. వాళ్లది ఆర్మీనియా అనే దేశం. మా ఊరి నుంచి అది ఎంత దూరమో ఇప్పటికీ నాకు సరిగా తెలియదు. నేనన్న మాటలో సగం నా కళ్లు చేసిన పొరపాటు. మిగతా సగం నేను కావాలని చేసినది. ఇంత వయసొచ్చాక కూడా నన్ను కుదురుగా కూర్చోనివ్వనిది ఆ రెండో సగమే.

మాది నంద్యాలకు ఎడ్లబండి మీద ఒక పగటి ప్రయాణంలో ఉన్న చిన్న ఊరు. నాపరాళ్ల గోడలు, మట్టి మిద్దెలు, వాటి మీద ఎండుతున్న మిరపకాయలు. మా వాడలో అందరం చర్చికి పోయేవాళ్లమే. మగవాళ్లు గనుల్లో బండలు తీసేవాళ్లు. ఆడవాళ్లు పక్కనున్న సంత ఊరికి పోయి శెట్టిగారి కళ్లంలో వేరుశనగ కాయలు ఒలిచేవాళ్లు. అమ్మ లేని నన్ను మా అవ్వ, అంటే అమ్మను కన్నతల్లి, పెంచింది.

ఒక ఎండాకాలం మా చర్చి ముందు ఒక బండి ఆగింది. అందులోంచి చెక్కపెట్టెలు, పొడుగాటి తెల్లగుడ్డ చుట్ట, తెల్లటి మనిషి ఒకాయన దిగారు. పిల్లలం దొర వచ్చాడని కేకలు పెట్టాం. ఆయన నవ్వి, తాను దొరను కానని, మద్రాసులో పెరిగిన ఆర్మీనియావాణ్ణని చెప్పాడు. తెలుగు వచ్చు కానీ పుస్తకం చూసి చదువుతున్నట్టు మాట్లాడేవాడు. ఆయన పేరు మాకెవరికీ నోరు తిరగలేదు. సాయంత్రానికల్లా వాడంతా ఆయన్ని బొమ్మలాయన అనేసింది.

ఆ పెట్టెల్లో ఉన్నవి కదిలే బొమ్మలు. అప్పటికింకా బొమ్మలకు మాటలు రాలేదు. నంద్యాలలో బయాస్కోపు చూసొచ్చిన వాళ్లు రాజులు, యుద్ధాలు, దయ్యాలు ఉంటాయని చెప్పారు. ఈయన బొమ్మల్లో అవేవీ లేవు. వాళ్ల దేశంలో జనాన్ని ఊళ్లకు ఊళ్లే తరిమేశారట, శానామందిని చంపేశారట. మిగిలినవాళ్లు ఇప్పుడెట్లా బతుకుతున్నారో, ఏం వండుకుంటున్నారో, పిల్లలెక్కడ చదువుకుంటున్నారో ఉన్నది ఉన్నట్టుగా ఆయన స్నేహితుడొకడు అక్కడ బొమ్మలు తీస్తాడు. ఈయన వాటిని దేశం కాని దేశంలో ఊరూరా చూపిస్తాడు. చూసినవాళ్లలో మనసు కరిగినవాళ్లు సాయం చేస్తే, దాంతో కొత్త ఫిల్ము చుట్టలు కొని స్నేహితుడికి పంపిస్తాడు.

"తీసేవాడు అక్కడ ఉన్నాడు, చూపేవాణ్ణి నేను ఇక్కడ ఉన్నాను. చూసేవారు లేకపోతే మా ఇద్దరి పనీ పెట్టెలోనే ఉండిపోతుందమ్మా," అన్నాడు మా అవ్వతో.

అవ్వకు ఆ మాట బాగా పట్టుకుంది. "పెట్టెలో ఎందుకప్పా ఉంచేది? మేము చూస్తాంలే," అంది.

మా దగ్గర ఆయనకు ఇవ్వడానికి ఏముంది? నీళ్లు ఉన్నాయి, అవీ దూరపు బావి నుంచి మోసుకొచ్చినవి. తెరగుడ్డను తడిపితే బొమ్మ గుడ్డలోంచి దిగి అవతలి పక్క కూర్చున్నవాళ్లకు కూడా కనిపిస్తుందని, దాంతో రెండింతల మంది చూడవచ్చని ఆయన చెప్పాడు. ఆ ఎండల్లో గుడ్డ ఆరిపోతూనే ఉంటుంది. అందుకని ఇంటికొక కడవ నీళ్లు తెచ్చారు. అదే మా వాడ టిక్కెట్టు.

పెద్దవాళ్లు ముందు కూర్చున్నారు. పిల్లలం పోటీపడి వెనక్కి పరిగెత్తాం. ఎందుకంటే తడిగుడ్డ నుంచి చల్లగాలి వచ్చేది, నీళ్లు చల్లినప్పుడల్లా మా మొహాల మీద తుంపర పడేది. పైగా బొమ్మలాయన నీడ, మిషను చప్పుడు అడ్డం లేవు. మాదే మంచి చోటని మురిసిపోయాం. గుడ్డ మీద మా మిద్దెల్లాంటి మట్టి మిద్దెలు కనిపించాయి. వాటి మీద ఏవో పళ్లు ఎండుతున్నాయి. ఒకామె నేలలో తవ్విన పొయ్యిలోకి వంగి, పల్చటి రొట్టెను దాని గోడకు చరిచింది. ముందుపక్క నుంచి మా అవ్వ గొంతు వినిపించింది: "అయ్యో, చెయ్యి కాల్తాది గదమ్మా!" అందరూ నవ్వారు. తర్వాత ఒక బడి వచ్చింది. తల్లీతండ్రీ లేని పిల్లలు వరసగా కూర్చుని రొట్టె తుంచుకుని తింటున్నారు. అందరూ ఎడమచేత్తో తింటున్నారు.

నేను పక్కనున్నవాణ్ణి మోచేత్తో పొడిచాను. వాడూ చూశాడు. మేమంతా నోళ్లు మూసుకుని కిసకిసలాడాం. మధ్యమధ్య ఏవో అక్షరాలు వచ్చేవి. అవి తెలుగు అక్షరాలై ఉంటే కుడి ఎడమలు తారుమారయ్యాయని ఆ క్షణంలోనే తెలిసేది. ఆర్మీనియా అక్షరాలు ఎటు నుంచి చూసినా మాకు ఒకటే.

మరునాడు సంత. ఆ సాయంత్రం శెట్టిగారి కళ్లంలో బొమ్మలు చూపించాలని ముందే అనుకున్నారు. ప్రొద్దుటూరు, ఆదోని వర్తకులు కూడా ఆ సంతకు వస్తారు. వాళ్లకు నచ్చితే ఫిల్ము చుట్టలకు కొరత ఉండదు. బొమ్మలాయన మా ఊరి దాకా వచ్చిందే ఆ ఆశతో. అవ్వ ఆయనకు రొట్టెలు చేసిపెట్టడానికి ఇంటి దగ్గర ఆగిపోయింది. నేను పక్కింటి అక్కతో కాయలు ఒలవడానికి పోయాను.

కళ్లంలో ఆడవాళ్లు గుండ్రంగా కూర్చుని ఉన్నారు. బొమ్మల సంగతి చెప్పమన్నారు. నేను రొట్టెపొయ్యి గురించి చెప్పాను. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. అప్పుడు ఎడమచేతి సంగతి చెప్పాను.

"ఛీ! కూడు ఎడమచేత్తోనా?"

"ఒట్టు. నా కండ్లతో చూసినా. పిల్లోళ్లంతా అంతే."

"మరి ఈడికొచ్చిన ఆయప్ప కుడిచేత్తోనే తింటాండాడు గదరా?" అంది పక్కింటి అక్క.

నేను నిజంగా చూసింది అక్కడితో అయిపోయింది. కానీ ఒలవడం ఆపి అందరూ నా మొహం వైపే చూస్తున్నారు. నా జన్మలో అంతమంది నా మాట కోసం అట్లా చూడలేదు. "మన ఎదురుగా అట్ల తింటాండాడు. తలుపేసుకుంటే ఎడమచెయ్యే," అన్నాను. తలుపేసుకుని ఆయన తినడం నేనెప్పుడు చూశాను? పుట్టించాను. ఆడవాళ్లు ముక్కుల మీద వేళ్లేసుకున్నారు.

శెట్టిగారు గద్దె మీద నుంచి ఇదంతా విన్నారు. తిండి దగ్గర మహా నిష్ఠ ఉన్న మనిషి. నన్ను పిలిచి మళ్లీ చెప్పించుకున్నారు. రెండోసారి నేను ఇంకా గట్టిగా చెప్పాను. "మంచిపని చేసినావు రా అబ్బీ, ముందే చెప్పినావు," అని నా చేతిలో బెల్లం గడ్డ పెట్టారు. ఆ బెల్లం నేను అక్కడే చప్పరించాను.

మధ్యాహ్నం బొమ్మలాయన వచ్చి కళ్లంలో కర్రలు పాతుతుంటే శెట్టిగారు బయటకు వచ్చారు. "ఈ పొద్దు కుదరదప్పా," అన్నారు. రేపు అయినా సరేనన్నాడాయన. రేపు కూడా కుదరదన్నారు. కారణం ఏమిటని ఆయన రెండు చేతులూ కలిపి అడిగాడు. ఒక మనిషి మొహం మీద చెప్పలేని మాట కాబట్టి శెట్టిగారు చెప్పలేదు, లోపలికి పోయారు. బొమ్మలాయన పాతిన కర్రలు పీకేసి, గుంటలు కాలితో పూడ్చి, గుడ్డ మడతపెట్టుకున్నాడు. కాయల గుట్ట వెనక నేను ఉన్నాను.

పక్కింటి అక్క ఇంటికొచ్చి అవ్వకు అంతా చెప్పేసింది. తన్నులు తప్పవనుకున్నాను. అవ్వ నన్ను ఒక్కటే అడిగింది.

"రాత్రి నువ్వు యాడ కూచుంటివి రా?"

"గుడ్డ యెనకాల."

 చీకటి పడుతుండగా అవ్వ ఇంట్లో మిగిలిన నీళ్ల కడవ చంకనెత్తుకుని చర్చి దగ్గరికి నడిచింది. నేను వెంట పోయాను. బొమ్మలాయన పెట్టెలకు తాళ్లు కడుతున్నాడు. "ఇంకొక్కసారి ఆ పిల్లోళ్ల బొమ్మ వెయ్యప్పా. ఈడొక్కడే చూస్తాడు," అంది. ఆయన కట్టిన తాళ్లు విప్పాడు. గుడ్డ కట్టాడు, అవ్వ తడిపింది. నన్ను నిన్నటి చోటులోనే కూర్చోబెట్టింది.

పిల్లలు మళ్లీ వచ్చారు. ఎడమచేత్తో రొట్టె తుంచారు. అప్పుడు అవ్వ నా చెయ్యి పట్టుకుని లేపి, గుడ్డ అంచు పక్క నుంచి మెల్లగా ముందుకు నడిపించింది. అంచు దాటేసరికి అదే పిల్లవాడు, అదే రొట్టె, నోటి దాకా పోయింది కుడిచెయ్యి. నేను వెనక్కి పరిగెత్తాను. ఎడమచెయ్యి. ముందుకు వచ్చాను. కుడిచెయ్యి. వాడికి నా వయసే ఉంటుంది. వాడు తింటున్నది ఒకే చేత్తో. చేతులు మార్చింది నేనే.

ఏడుస్తూ బొమ్మలాయనకు అంతా చెప్పాను. తలుపేసుకున్న మాట కూడా చెప్పాను. ఆయన మిషను తిప్పడం ఆపేశాడు. తిడితే బాగుండేది. "వెనక కూర్చున్నవారికి నేను ముందే చెప్పవలసింది. తప్పు నాదే," అన్నాడు.

"నీది గాదులే అప్పా," అంది అవ్వ. "ఈడు తెల్లారి పోయి శెట్టికి చెప్తాడు. ఏం రా?"

తల ఊపాను. తెల్లవారింది. శెట్టిగారి ముందు, ఆ ఆడవాళ్ల ముందు అబద్ధాలకోరునని ఒప్పుకోవాలంటే ధైర్యం చాలలేదు. మేకను మార్చి కట్టాను, అడగకుండానే వాకిలి ఊడ్చాను. అట్లా పొద్దెక్కించి నేను కళ్లానికి చేరేసరికి శెట్టిగారు కర్నూలుకు పోయి ఉన్నారు. బొమ్మలాయన బండి రైలుకు వెళ్లిపోయింది.

శెట్టిగారు తిరిగొచ్చిన రోజు అవ్వ నా పక్కనే నడిచింది కానీ నోరు విప్పలేదు. నేనే చెప్పాను. ఆయన చాలాసేపు తన అరచేతుల వైపు చూసుకున్నారు. "యాడ కూచుంటివి రా అని నేనన్నా అడిగుండాల," అన్నారు చివరికి. తర్వాత నన్ను ఆడవాళ్ల మధ్య నిలబెట్టి మొత్తం మళ్లీ చెప్పించారు. ఆ రోజు బెల్లం ఇవ్వలేదు.

మద్రాసుకు పోయే వర్తకులతో శెట్టిగారు కబురు మీద కబురు పంపారు. బొమ్మలాయన దొరికి, మళ్లీ వచ్చేసరికి ఇంకో ఎండాకాలం అయింది. కళ్లంలో తెర కట్టారు. శెట్టిగారు పట్టుబట్టి ముందు వెనక్కే పోయి కూర్చున్నారు. ఎడమచెయ్యి చూసి, లేచి, ముందుకు వచ్చి కుడిచెయ్యి చూసి, చిన్నపిల్లాడిలా పకపకా నవ్వారు. దాంతో సంతంతా లేచింది. వర్తకులు, కూలీలు, పిల్లలు, అందరూ ఆ గుడ్డ చుట్టూ తిరగడమే. బొమ్మలాయన మిషను తిప్పుతూ తల పట్టుకున్నాడు. ఆ రోజు వచ్చిన సాయంతో ఆయన స్నేహితుడికి ఫిల్ము చుట్టలు పోయాయి.

నా తప్పు తీరిందనుకున్నాను. మా ఇంట్లో రొట్టె తింటున్నప్పుడు ఆయన ఏదో మాటల్లో మాటగా చెప్పాడు. పోయిన ఏడాది ఫిల్ము లేక స్నేహితుడు ఊరికే కూర్చోవాల్సి వచ్చిందట. ఒక పాడుబడ్డ ఊరి నుంచి బతికి బయటపడిన ముసలామె ఒకామె ఉండేదట. ఆ ఊళ్లో రొట్టె ఎట్లా చేసేవాళ్లో, పెళ్లికి ఏం పాడేవాళ్లో తెలిసినది ఆమె ఒక్కతే. ఆమెను తీయాలని ఎంతో అనుకున్నారట. చలికాలంలో ఆమె పోయింది. నన్ను ఉద్దేశించి అన్నది కాదు. మా అవ్వ మాత్రం నా వైపు చూసింది. 

ఈసారి ఆయన పెట్టెల్లో బొమ్మలు తీసే మిషను కూడా ఉంది. కాసేపటికి అవ్వ పిండి ముందు కూర్చుంది. "నీ బొమ్మలు తీసే మిషను బయటికి తీయప్పా. నన్ను తియ్యి. ఆ దేశపోళ్లు కూడా చూడనీ, మేమెట్ల బతుకుతాండామో," అంది. ఎండ బాగా ఉండాలని అవ్వను వాకిట్లోకి తెచ్చారు. అవ్వ రెండు చేతులతో జొన్నరొట్టె తట్టింది, పెనం మీద వేసింది, ఊదింది, ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది. బొమ్మలాయన మిషను తిప్పుతూనే ఉన్నాడు. అవ్వ నములుతూ ఆయన వైపు తిరిగి గట్టిగా కేకేసింది.

"ఆడ యెనకాల కూచునేటోళ్లకు మరవకుండా చెప్పప్పా, నేను కుడిచేత్తోనే తింటాండానని!"

పోతూపోతూ ఆయన పిల్లల బడి బొమ్మ చుట్టను నా చేతికిచ్చి పోయాడు. పెద్దయ్యాక నేను బండలు తీయడానికి పోలేదు. డేరా సినిమాల్లో మిషను తిప్పే పనికి కుదిరాను. కడప, ఒంటిమిట్ట తిరునాళ్లు, తుంగభద్ర గట్టున కర్నూలు, ఎక్కడ డేరా వేసినా అసలు ఆటకు ముందు ఆ చుట్ట వేసేవాణ్ణి. ఆర్మీనియాలో ఇట్లాంటి బొమ్మలు తీసేవాళ్లున్నారని, చూసేవాళ్లు కావాలని నాకు చేతనైనట్టు చెప్పేవాణ్ణి. జనం ఇచ్చింది మద్రాసుకు పంపేవాణ్ణి. యజమానులు సణిగేవాళ్లు. అయినా వేసేవాణ్ణి.

దీపం వెలిగించే ముందు మాత్రం ఒకసారి డేరా వెనక్కి పోయేవాణ్ణి. అక్కడ గుడ్డ చిరుగుల దగ్గర ఎప్పుడూ నలుగురైదుగురు పిల్లలు కూర్చుని ఉండేవాళ్లు. వాళ్లను లేపి, చెయ్యి పట్టుకుని, ముందుకు తీసుకొచ్చి కూర్చోబెట్టి, ఆ తర్వాతే మిషను తిప్పేవాణ్ణి.