బ్యాటరీకి పెట్టిన బొట్టు

దసరాకు మా ఆయన ఆయుధ పూజ చేస్తానంటే నేనెన్నడూ అడ్డుపడలేదు. కత్తిపీటకు చేసుకోనీ, మిక్సీకి చేసుకోనీ, ఆఫీసు వాళ్లిచ్చిన ల్యాప్‌టాప్‌కు చేసుకోనీ, నాకు పోయేదేం లేదు. కానీ ఈసారి ఆయన భక్తి బానెట్ లోపలికి దిగింది. బండిని బయట కడిగి బొట్లు పెట్టడం పైపై పూజ అట, అసలు ప్రాణం లోపలుంటుందట. అందుకని బ్యాటరీ రెండు టెర్మినళ్లకూ పసుపు ముద్దలుగా మెత్తి, ఒకదాని మీద రూపాయి బిళ్లంత కుంకుమ బొట్టు పెట్టాడు. ప్లస్ మీద ఉండే ఎర్ర ప్లాస్టిక్ మూత అడ్డమొస్తోందని పీకి ఎక్కడో పెట్టాడు. ఆ ఎక్కడో ఎక్కడుందో ఈ రోజుకీ తెలియదు.

ఈ పూజ నడిచినంతసేపూ కారు నాలుగు తలుపులూ బార్లా తెరిచి, స్పీకర్లలో అమ్మవారి పాటలు. ఇంజన్ మాత్రం బంద్. గోపన్‌పల్లిలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్ మొత్తం ఆ పూట తరించిపోయింది. బ్యాటరీ కూడా తరించిందని పండుగ సెలవులు అయిపోయిన రోజు నాకు తెలిసింది.

ఆ రోజుల్లో మా వదిన, అంటే మా ఆయన అక్క, మా ఇంట్లోనే ఉండేది. గర్భసంచి క్యాన్సర్. జనగామ దగ్గరి ఊరి నుంచి రేడియేషన్ కోసం వచ్చింది. వారానికి ఐదు రోజులు నేనే గచ్చిబౌలి వైపున్న ఆసుపత్రికి తీసుకెళ్లి తీసుకొచ్చేదాన్ని. ఆ వైద్యంలో ఒక నియమం ఉంది. మిషన్ కింద పడుకునేటప్పటికి మూత్రసంచి నిండుగా ఉండాలి. అది నిండితే పేగులు పక్కకు జరుగుతాయి, వాటికి దెబ్బ తగలదు. అందుకని ముందే నీళ్లు తాగాలి, తాగి ఆపుకోవాలి. ఆపుకోలేక వెళ్లిపోతే మళ్లీ తాగి మళ్లీ నిండేదాకా కూర్చోవాలి, ఈలోగా మన వంతు పోతుంది. పండుగకు ఎలాగూ మిషన్ మూశారు. సెలవులకు ముందే డాక్టరమ్మ గట్టిగా చెప్పింది, "ఈ గ్యాప్ ఒక్కటే చాలమ్మా. తర్వాత ఒక్క రోజు కూడా తప్పకూడదు" అని.

ఆ రోజు పొద్దున కారు గొంతు బొంగురుపోయినట్టు మూలిగి స్టార్టయింది. వదిన వెనక సీట్లో కూర్చుని స్టీలు బాటిల్‌లో నీళ్లు మందులాగా గుటకలు వేస్తోంది. గౌలిదొడ్డి దాటి అద్దాల బిల్డింగులు మొదలయ్యే చోటికి వచ్చేసరికి బాటిల్ ఖాళీ అయింది. సరిగ్గా అప్పుడే ఆసుపత్రి నుంచి ఫోన్. ఈ రోడ్డు మీద చెవికీ భుజానికీ మధ్య ఫోన్ నొక్కి పెట్టుకుని మెడ వంకరగా నడిపే మహానుభావులు వేలమంది ఉన్నారు, నేను ఆ జాతి కాదు. ఎడమ పక్కకు తీసి, ఇంజన్ ఆపి, మాట్లాడాను.

"మేడం, ఈ రోజు లైన్ తొందరగా నడుస్తోంది. పేషెంట్ నీళ్లు తాగేశారా? అయితే వచ్చేయండి" అందా అమ్మాయి.

తాళం తిప్పాను. టిక్, టిక్, టిక్. డ్యాష్‌బోర్డులో లైట్లు ఒకసారి వెలిగి కళ్లు మూశాయి.

"ఏమైందే పిల్లా?" అంది వదిన. యాభైకి దగ్గరపడ్డ నన్ను పిల్లా అనే మనిషి ఈ లోకంలో ఆమె ఒక్కతే.

"బండి అలిగింది వదినె. జరసేపు ఆగు."

"నేను ఆగుతనే గానీ, నీళ్లాగాలె గదా."

క్యాబ్ కోసం చూశాను. దసరాకు ఊళ్లకు పోయిన డ్రైవర్లు ఇంకా తిరిగి రాలేదు. దొరికిన ఒక్కడు ఫోన్ చేసి ఎక్కడికని అడిగాడు, చెప్పాను, కట్ చేశాడు. దగ్గరట. దూరమైతే తిరుగు కిరాయి దొరకదంటారు. వీళ్లకు నచ్చే దూరం ఏదో ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదు. ఆటోలన్నీ షేరింగు మనుషులతో కిక్కిరిసి పోతున్నాయి. రోడ్డు మీద బండి ఆగితే సాయానికి వస్తామన్న బీమా కంపెనీ ఫోన్‌లో కాసేపు సంగీతం వినిపించి, మధ్యాహ్నంలోగా మనిషి వస్తాడని అభయమిచ్చింది.

మా ఆయనకు చేశాను. "అరె, కొబ్బరికాయ కొడతనంటే నువ్వే వద్దంటివి" అన్నాడు.

"సెల్లార్‌ల పెంకులు టైర్లకు గుచ్చుకుంటయని వద్దన్న."

"సూసినవా మరి!"

ఏం చూడాలో అడిగే తీరిక లేక ఫోన్ పెట్టేశాను. నాలుగు మూలలా మినుకుమనే లైట్లు వేసి, డిక్కీలోంచి ఎర్ర త్రికోణం తీసి, వెనక వచ్చేవాళ్లకు దూరం నుంచే కనిపించేలా పెట్టి వచ్చాను. నేను వెనక్కి తిరిగేలోగా ఒక బైకువాడు, మెడలో ఆఫీసు ట్యాగు వేలాడుతున్న కుర్రవాడు, ఆ త్రికోణాన్ని కాలితో పక్కకు జరిపి, ఆ ఖాళీలో బైకు ఆపుకున్నాడు. ఆపి, తీరిగ్గా సిగరెట్ నోట్లో పెట్టుకుని నా దగ్గరకు వచ్చాడు.

"తోద్దామా ఆంటీ? నలుగుర్ని పిలుస్తా."

"ఇది ఆటోమేటిక్ తమ్మీ. తోస్తే పోయి ఆ గోడకు తగుల్తది గానీ స్టార్ట్ కాదు. ముందుగాల ఆ త్రికోణం యథాస్థానంల పెట్టు."

"ఓ, అది మీదా?"

కాదు, గవర్నమెంటు వారు నీ బైకు కోసం పెట్టించారు.

అంతలో ఒక పెద్ద బండి ఆగింది. మా కారును మింగి తేన్చేంత పెద్దది. అందులోంచి తెల్ల బూట్లాయన దిగి, "ఏమైందండి? బ్యాటరీయా అండి? నా దగ్గర కేబుల్స్ ఉన్నాయండి" అన్నాడు. ఆ దారిలో పోయిన వందల బండ్లలో ఆగింది ఆయనొక్కడే, ఆ మాట ఒప్పుకుంటాను. డిక్కీలోంచి తెచ్చిన కేబుళ్లు కొన్ననాటి ప్లాస్టిక్ కవర్‌లోనే ఉన్నాయి. కవర్‌ను పళ్లతో కొరికి చించాడు. తర్వాత తన బండి బానెట్ మీట కోసం స్టీరింగ్ కింద తడుముకుని పెట్రోలు మూత తెరిచాడు. అది మూసి మళ్లీ తడిమాడు. ఈసారి డిక్కీ తెరుచుకుంది. మూడోది బానెట్. తన బండిలో ఏ మీట ఏదో తెలియని ఆయన నా బండికి వైద్యం చేయబోతున్నాడు.

నాకు బండి సంగతులు ఎలా తెలుసని ఎవరైనా అడిగితే చెప్తాను. ఆసుపత్రి వెయిటింగ్ హాల్లో ఎదుటివాళ్ల రిపోర్టులు తొంగి చూడడం నాకు చేతకాదు. కారు డ్యాష్‌బోర్డు అరలో, మా ఆయన కవర్ కూడా చింపని మాన్యువల్ ఉంటే పట్టుకుపోయి రోజుకు కాస్త చదివాను. ఇందులో గొప్పేం లేదు. అక్షరాలు వచ్చిన వాళ్లందరూ చదవొచ్చు. చదవరు, అంతే. ఫోన్‌లో వీడియో చూస్తారు, అదీ సగం దాకా.

"రెండు బండ్లు ఒకదానికొకటి తగలొద్దు. మీది కూడా ఇంజన్ బంద్ చెయ్యండి. ఏసీ, లైట్లు అన్నీ బంద్" అన్నాను.

"నా బండి ఆన్‌లో ఉంటేనే కదండి పవర్ వచ్చేది?"

"కలిపినంక ఆన్ చేద్దురు" అని మా బండి బానెట్ ఎత్తాను.

ట్యాగు మెడవాడు లైటర్ వెలిగిస్తూ మా బ్యాటరీ మీదికి వంగాడు.

"ఓ తమ్మీ! ఆ లైటర్ ఆర్పు. బ్యాటరీలకెల్లి గ్యాస్ వస్తది. అంటుకుంటే యాసిడ్ నీ మొకం మీదనే పడ్తది."

"అంత సీన్ ఉండదు ఆంటీ" అన్నాడు గానీ జరిగాడు.

తెల్ల బూట్లాయన అప్పటికే ఎర్ర క్లిప్పు పట్టుకుని మా బ్యాటరీ మీదికి వస్తున్నాడు. "ఎర్రది ప్లస్‌కి కదండి. ఇదిగో, ఎర్రగా మార్క్ చేసే ఉంది" అని కుంకుమ ఉన్న టెర్మినల్‌కు తగిలించబోయాడు.

ఆయన చెయ్యి పట్టుకుని ఆపాను. "అది మార్క్ కాదండి. బొట్టు."

"బొట్టా?"

"దసరాకు మా ఆయన పెట్టిండు."

"అంటే అండి, ప్లస్ చూసే పెట్టుంటారు కదండి?"

"మా ఆయన చూసి పెట్టడు. చెయ్యి అందిన దిక్కు పెడ్తడు."

డ్యాష్‌బోర్డు అరలోంచి పొడిగుడ్డ తెచ్చి పసుపు తుడిచాను. ఎండి పెచ్చుకట్టి ఉంది. గోకితే గుర్తులు బయటపడ్డాయి. బొట్టు ఉన్నది మైనస్. ప్లస్ పాపం బొట్టు లేకుండా పక్కన నిలబడి ఉంది. తారుమారుగా తగిలించి ఉంటే రెండు బండ్లలోని ఎలక్ట్రానిక్సు మాడేవి, బ్యాటరీ పగిలినా పగిలేది. బీటెక్ చదివినట్టున్న మగవాళ్లు ఇద్దరు, బొట్టు పెట్టిన మా ఆయన, ముగ్గురికీ కలిపి ప్లస్ గుర్తు వెతుకుదామన్న ఆలోచన రాలేదు. బ్యాటరీ ఎక్కడైనా పగిలిందా, కారుతోందా అని కూడా చూశాను. లేదు. ఉంటే ఇక ముట్టుకోకూడదు.

ఎర్ర క్లిప్పు మా ప్లస్‌కు. ఎర్ర రెండో కొస ఆయన ప్లస్‌కు. నల్లది ఆయన మైనస్‌కు. ఇంతవరకు నడిచింది. మిగిలిన నల్ల క్లిప్పు దగ్గర పంచాయితీ మొదలైంది.

"ఇది మీ మైనస్‌కి అండి" అన్నాడాయన.

"కాదు. ఇంజన్ మీద రంగు లేని ఇనుము చూసి పెట్టాలె, బ్యాటరీకి దూరంగ. చివరి క్లిప్పు దగ్గర నిప్పురవ్వ వస్తది."

"వీడియోలో మైనస్‌కే పెడతారు ఆంటీ" అన్నాడు ట్యాగువాడు, ఫోన్ తీసి వెతుకుతూ.

"మరి సర్క్యూట్ ఎలా పూర్తవుతుందండి? నేను ఎలక్ట్రికల్ అండి" అన్నాడు తెల్ల బూట్లాయన, క్లిప్పు వదలకుండా.

"ఇంజన్ మైనస్‌కు కలిసే ఉంటది సార్. మాన్యువల్ చూపిస్త."

"మాన్యువల్ జనరల్‌గా రాస్తారండి. నా బండి సెన్సార్లతో కూడిందండి, ఏమన్నా అయితే వారంటీ..."

ఇద్దరూ ఫోన్ మీద తలలు కలిపారు. వీడియో మొదలయ్యే ముందు ప్రకటన నడుస్తోంది. ఆ ప్రకటన అయిపోయేదాకా నేనూ, మా వదినా, ఆమె కడుపులో నీళ్లూ నిలబడాలన్నమాట.

వెనక తలుపు తెరుచుకుంది. వదిన దిగింది. ఒక చేత్తో తలుపు పట్టుకుని, మోకాళ్లు దగ్గరగా పెట్టుకుని, నెమ్మదిగా వచ్చి వాళ్ల ముందు నిలబడింది. పెళ్లిలో కూడా గొంతెత్తని మనిషి.

"నాయినా, నాకు క్యాన్సర్ కరెంటు పెట్టాలె ఇయ్యాల. నిండ నీళ్లు తాగిన. డాక్టరమ్మ ఉచ్చ ఆపుకోమన్నది, ఆపుకుంటున్న. ఇగ నాతోని అయితలేదు. మా మర్దలు చెప్పినట్టు చేస్తరా, లేకుంటే గీన్నే, గా అద్దాల బిల్డింగు ముంగట కూసోమంటరా?"

ట్యాగువాడు ఫోన్ జేబులో పెట్టేశాడు. తెల్ల బూట్లాయన చెవుల దాకా ఎర్రబడి, నల్ల క్లిప్పు నా చేతిలో పెట్టి, రెండడుగులు వెనక్కి వేశాడు. నేను చెప్పిన కారణాలన్నీ చెవిటివాళ్లకు చెప్పినట్టు పోయాయి. ఆడమనిషి నోటి వెంట వచ్చిన ఆ ఒక్క మాట మాత్రం సూటిగా వెళ్లింది. ముందే తెలిస్తే ఆ మాట నేనే అనేదాన్ని.

మొహం పక్కకు తిప్పుకుని, ఇంజన్ మీద ఒక బోల్టుకు క్లిప్పు పెట్టాను. చిన్న రవ్వ టప్పున ఎగిరింది. "చూసిన్రా?" అన్నాను. ఆయన బండి స్టార్ట్ చేసి కాసేపు అలా ఉంచమన్నాను.

ఆ కాసేపు గడవడమే కష్టమైంది. వదిన తలుపు పట్టుకుని కళ్లు మూసుకుంది. నుదుటి మీద చెమట. ట్యాగువాడికి జాలి కలిగింది. "ఆంటీ, ఎదురుగా మా ఆఫీసే. వాష్‌రూమ్ ఉంది. గెస్ట్ పాస్ రిక్వెస్ట్ పెట్టి, మా మేనేజర్ అప్రూవల్ రాగానే..."

"వద్దు బిడ్డా. పోతే మళ్ల మొదటికొస్తది" అంది వదిన కళ్లు తెరవకుండా. "మీ మేనేజర్‌ను పరేషాన్ చెయ్యకు."

తాళం తిప్పాను. మూలిగింది, దగ్గింది, పట్టుకుంది. పెట్టిన వరుసకు తిరగేసి క్లిప్పులు తీశాను, ముందు బోల్టు మీది నల్లది, చివర మా ప్లస్ మీది ఎర్రది. ఒకదానికొకటి తగలకుండా చుట్టి ఆయనకిచ్చి, థ్యాంక్స్ చెప్పాను.

"మీరు మెకానికలా అండి?" అన్నాడు.

"బీకాం" అన్నాను.

రోజూ నేను వదినను రేడియేషన్ గది తలుపు దాకా చెయ్యి పట్టుకుని తీసుకెళ్లేదాన్ని. ఆ తలుపు దగ్గర ఆమె వేళ్లు నా మణికట్టును బిగించేవి. ఆ రోజు ఇంజన్ ఆపితే మళ్లీ స్టార్ట్ కాదు. పోర్టికోలో ఆపగానే, "నువ్వు బండి సూస్కో. నన్ను నేను సూస్కుంట" అని దిగి, కొంగు బిగించుకుని, మోకాళ్లు దగ్గరగా పెట్టుకుని, ఒక్కతే లోపలికి నడిచింది. వెనక్కి చూడలేదు.

సెక్యూరిటీ అతను ఈల వేశాడు. "మేడం, గిక్కడ బండి బంద్ చెయ్యాలె."

"బంద్ చేస్తే గిక్కడ్నే ఉంటది, మళ్లొచ్చే పండుగ దాకా. ఉండమంటవా?"

అతను ఆలోచించి దారి చూపించాడు. ఆసుపత్రి చుట్టూ గానుగెద్దులా తిరుగుతూనే ఉన్నాను. ఎన్నో చుట్టులోనో పోర్టికోలో వదిన కనిపించింది. మొహం తేటగా ఉంది. ఎక్కి తలుపు వేసుకుంది.

"అయిందా?"

"అయింది. మిషన్ కాడి పిల్ల ఏమన్నదో ఎర్కేనా? ఇన్ని రోజులల్ల ఇంత మంచిగ ఎన్నడు నిండలేదన్నది."

ఇద్దరం నవ్వాం. నేను నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాను, ట్రాఫిక్‌లో ఎవరూ చూడరు కాబట్టి.

సాయంత్రం షాపువాళ్లు వచ్చి కొత్త బ్యాటరీ బిగించి వెళ్లారు. మా ఆయన సెల్లార్‌లోకి పసుపు కుంకుమల పళ్లెంతో దిగాడు. పూజ చేయబట్టే సమయానికి ఎవరో దేవుడిలా ఆగి సాయం చేశాడని ఆయన లెక్క తేల్చుకున్నాడు. నేను నోరు తెరిచేలోగా వదిన ముందుకు వచ్చి, బానెట్‌కు అడ్డంగా నిలబడింది.

"ఆ డబ్బాను ముట్టకు తమ్మీ. పొద్దున దవాఖాన దాంక ఆపుకొని పోయింది నేను. పెడ్తే నాకు పెట్టు బొట్టు."

పెట్టాడు. పెట్టక చస్తాడా. అంత చిన్న నుదుటి మీద కూడా సరిగ్గా మధ్యలో పెట్టలేకపోయాడు.