జులై ఒకటిన పుట్టినవాళ్ళు

ఆ రోజుల్లో నాకొక జబ్బుండేది. లోకమంతా తప్పులతో నిండి ఉందని, వాటిని పట్టుకోవడానికే నేను పుట్టానని గట్టి నమ్మకం. కొత్త ఉద్యోగం మరి! మారేడ్‌పల్లిలో ఒక టిఫిన్ సెంటర్ పైన, రెండు గదుల సాఫ్ట్‌వేర్ ఆఫీసు. చేరి రెండు నెలలు దాటింది. మూడో నెల చివర ఉంచుకుంటారో, ఇంటికి పంపిస్తారో చెబుతారు. (ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు. "పర్మనెంటే అమ్మా" అనేశాను. అమ్మ ఆ మాట వీధి వీధంతా చెప్పొచ్చింది.) కాబట్టి ఏదో ఒక పెద్ద తప్పు పట్టి మా సార్ దృష్టిలో పడాలని తెగ ఆరాటపడుతుండేదాన్ని.

మా సార్‌ను మేము చాటుగా "ముందుచూపు సార్" అనేవాళ్ళం. ఏ రిపోర్టు మొదలుపెట్టాలన్నా ముందు డేటా టేబుల్ వివరాల కాగితం తీసుకుని, ఏ గడిలో ఏముండాలి, ఖాళీగా వదలొచ్చా, ఒకే నంబరు ఇద్దరికి ఉండొచ్చా అని వరుస వరుసా గీటుపెట్టుకుంటూ చూడాల్సిందే. తొందరపడితే "ఇడ్లీ ఉడికినంక పప్పుల రాళ్ళు ఏరుతరా?" అని అడిగేవారు. కింది నుంచి పొద్దస్తమానం సాంబారు వాసన వస్తుంటే ఆయన మాత్రం ఏం చేస్తారు, పోలికలన్నీ టిఫిన్ల మీదకే పోయేవి.

నాకు మొదటిసారి ఒంటరిగా అప్పజెప్పిన పని పద్మారావు నగర్ పార్కులో పొద్దున్నే నడిచే పెద్దల సంఘానిది. ఏ నెలలో ఎవరి పుట్టినరోజు వస్తుందో చెప్పే రిపోర్టు కావాలన్నారు, కేకు ముందే చెప్పిపెట్టుకోవడానికి. టేబుల్ చిన్నదే: సభ్యుల నంబరు, పేరు, ఫోను, మెయిల్, పుట్టిన తేదీ. తేదీకి ఎదురుగా "సర్టిఫికేట్ ప్రకారం, ఖాళీ ఉండరాదు" అని ఉంది. సరే, డేటా తెరిచి చూద్దును కదా, సగానికి పైగా జులై ఒకటినే పుట్టారు! మిగిలినవాళ్ళలో చాలామంది జూన్ పదిన. ఆగస్టు నుంచి మే దాకా పుట్టినవాళ్ళు నలుగురో ఐదుగురో! నా గుండె ఎగిరి గంతేసింది. తేదీ ఇవ్వనివాళ్ళందరికీ మెషీన్ తనంతట తానే జులై ఒకటి వేసేస్తోందని తేల్చేశాను. సార్ ఆ రోజు సెలవులో ఉన్నారు. ఆగితేనా? సంఘం కార్యదర్శికీ, సభ్యులందరికీ కలిపి మెయిల్ కొట్టాను: "మీ పుట్టిన తేదీలు నమ్మదగినవి కావు. సరిచేసి పంపేవరకు రిపోర్టు తయారు చేయలేము." పంపి, కిందికి వెళ్ళి నాకు నేనే మసాలా దోసె తినిపించుకున్నాను.

మర్నాడు సార్ ఫోను పట్టుకునే లోపలికొచ్చారు.

"ఏం రాసినవమ్మా? ఎనభై ఏండ్ల మనిషికి నీ పుట్టుడు నమ్మం అని రాస్తరా? మెషీనే ఏసిందని నీకెట్ల తెల్సింది? ఎవర్నన్న అడిగినవా?"

"లేదు సార్."

"మరి? రేపు పొద్దుగాల పోయి మాట్లాడిరా. వాళ్ళు వద్దంటే ఈ పని పోతది. పని పోతే..." అని ఆగిపోయారు. మిగతాది నాకర్థమైంది. ఆ రాత్రంతా ఒకటే ఆలోచన. అమ్మ వీధిలో మళ్ళీ ఇల్లిల్లూ తిరిగి ఏమని చెప్పాలి?

పార్కులో కార్యదర్శిని కనిపెట్టడం కష్టం కాలేదు. రిటైరైన హెడ్‌మాస్టరు, అందరికీ పెద్దసార్. మంకీ క్యాప్, చేతికర్ర, చుట్టూ బెంచీల నిండా జనం.

"నువ్వేనా, మేం పుట్టనే లేదన్న పిల్లవు?"

"తప్పయింది సార్, మాఫ్ చెయ్యండి," అన్నాను. అక్కడితో ఊరుకుని రావచ్చు కదా! నోరు ఆగలేదు. "కానీ సార్, ఇంతమంది జులై ఒకటినే ఎట్ల పుట్టిండ్రు?"

బెంచీలన్నీ గొల్లున నవ్వాయి.

"ఎట్లేంది, నేనే పుట్టించిన!" అన్నారు పెద్దసార్ కర్ర నేలకేసి తాటిస్తూ. "గీళ్ళల్ల సగం మంది నా బడి పోరగాళ్ళే. బడిల ఏసెటప్పుడు తారీఖేందంటే, 'దసరా అయినంక సార్, చలి షురూ అయింది' అనేటోళ్ళు అమ్మానాయినలు. రిజిస్టర్ల చలి అని రాస్తమా? జులై ఒకటి ఏసిన. రాసీ రాసీ ఇసుగొస్తె జూన్ పది."

"మరి మీది సార్?"

"నాది మా సార్ ఏసిండు. జులై ఒకటే."

నేను వెతుకుతున్న మెషీన్ మంకీ క్యాప్ పెట్టుకుని నా ఎదురుగానే కూర్చుంది! భయం సంగతి మరిచిపోయి నోటుబుక్కు తీశాను. అసలు ఎవరెప్పుడు పుట్టారో తెలుసుకోకుండా కదలబుద్ధి కాలేదు. ఒకాయన సద్దుల బతుకమ్మ తెల్లారి పుట్టారట. ఇంకొకాయన వాళ్ళ నాయనకు రైల్వేలో నౌకరీ వచ్చిన దినం. ఒకావిడ క్రిస్మస్ ముందటి ఆదివారం, చర్చిలో పాటలు పాడుతుంటే వాళ్ళమ్మకు నొప్పులొచ్చాయట. అన్నీ రాసుకుంటుంటే పక్కనే స్వెట్టర్ అల్లుకుంటున్న పెద్దమ్మ తలెత్తింది.

"అందరియి అడుగుతున్నవ్, నువ్వెప్పుడు పుట్టినవ్ బిడ్డా?"

"సెప్టెంబర్ల పెద్దమ్మా."

"సర్టిఫికేట్ల సుత గదేనా?"

నోటుబుక్కు మూసేశాను. సర్టిఫికేట్‌లో మే నెల! బడిలో చేర్చడానికి మూడు నెలల వయసు తక్కువైందని నాన్న వెనక్కి జరిపించారు. ఏటేటా ఇంట్లో సెప్టెంబరులో పాయసం తాగుతూ, ప్రతి ఫారంలోనూ మే అని రాస్తూ వచ్చాను. ఈ ఉద్యోగం దరఖాస్తులోనూ అంతే. ఒక్కనాడైనా అది తప్పనే అనిపించలేదు. ఊరందరి తప్పులూ ఏరబోయినదాన్ని!

"గీమె సుత మన సంఘమే, పేరు రాస్కోండ్రి!" అన్నారు పెద్దసార్, కళ్ళు తుడుచుకునేంతగా నవ్వి.

ఆఫీసుకొచ్చి టేబుల్ వివరాల కాగితం మళ్ళీ రాశాను. పుట్టిన తేదీ గడిలో తప్పు లేదు, అది సర్టిఫికేట్‌ది. కేకు కోసం ఇంకో గడి కావాలి, అందులో తేదీయే ఉండాలని పట్టుబట్టకూడదు, "చలి షురూ అయినప్పుడు" అన్నా పట్టాలి. కాసేపు పెన్ను కొరికి, చివర ఇంకో వరుస చేర్చాను: "ఈ కాగితం రాసిన ఉద్యోగి తేదీ కూడా ఇలాంటిదే." కాగితం సార్ ముందు పెట్టాను. ఆయన చివరి వరుస రెండుసార్లు చదివారు.

"ఇప్పుడు ఏరినవమ్మా రాళ్ళు," అన్నారు.

మరో వారానికి పర్మనెంట్ కాగితం నా ముందుకొచ్చింది. అందులో పుట్టిన తేదీ గడి ఖాళీగా ఉంది. "ఏది రాయాలె సార్?" అని అడిగాను.

"సర్టిఫికేట్‌దే రాయి. కేకు సంగతి నేను చూస్కుంటా."

ఆ సెప్టెంబరులో కేకు రాలేదు. కింది నుంచి వేడి వేడి ఇడ్లీ వచ్చింది, నడుమ ఒక కొవ్వొత్తి గుచ్చి.

ఇప్పుడు పెద్ద ఆఫీసులో ఉన్నాను. ప్రతి మే నెలలో మెషీన్ నుంచి నాకు శుభాకాంక్షలొస్తాయి, నా కింద పనిచేసే పిల్లలు కేకు తెస్తారు, బుద్ధిగా కోస్తాను. సెప్టెంబరు వస్తే మాత్రం ఎవరికీ చెప్పకుండా వెళ్ళి ఒక ప్లేటు ఇడ్లీ తింటాను. ఎనభై ఏళ్ళ మనిషి పుట్టుకనే నమ్మనన్న ఆ పిల్ల అప్పుడు గుర్తొస్తుంది. దాని ధైర్యానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది, కాస్త ముద్దు కూడా వస్తుంది.