ఖాళీ పాల క్యాను

నేను అక్కా అని పిలిచే మా తోడికోడలికీ నాకూ ఒకే వారంలో షుగర్ అంచుకొచ్చిందని తేలింది. తిండి అదుపులో పెట్టుకోవాలి, రోజూ జోరుగా నడవాలి, అప్పుడే జబ్బు ముదరకుండా ఉంటుందని డాక్టరమ్మ చెప్పింది. మేం ఆ రెండింటినీ ఆస్తి పంచుకున్నట్టు చెరొకటి పంచుకున్నాం. అక్క అన్నం మాని, మాన్వి ఊరి నుంచి తెల్లజొన్నలు తెప్పించుకుంది. నాకు అన్నం లేనిదే పూట గడవదు గనక నడక తీసుకున్నాను.

"నోరు కట్టుకుంటే సాలు. కాళ్లరిగేటట్టు తిరుగుడెందుకు?" అనేది అక్క.

"తిరిగితే తిన్నదంత అరుగుతది. నీ లెక్క ఎండు రొట్టెలు నమిలే కర్మ నాకేంది?" అనేదాన్ని.

మాటలు కోటలు దాటాయి, కాళ్లు మాత్రం గడప దాటలేదు. యాభై దాటిన ఆడది పొద్దున్నే చేతులూపుకుంటూ తిరిగితే మా గల్లీ ఊరుకుంటుందా? అందులోనూ ఎదురింటావిడ! ఆమె కంట్లో పడితే మధ్యాహ్నానికి అందరికీ తెలిసిపోతుంది. షుగరని తెలియడం మరీ నామోషీ. ఇదే జబ్బుతో మా అమ్మకు కాలివేలు తీసేశారు. ఆ కట్టు గుర్తొస్తే భయం, ఎదురింటి తలుపు చూస్తే సిగ్గు. చివరికి స్టీలు పాల క్యాను పట్టుకుని బయలుదేరాను. పాలకు పోయే ఆడదాన్ని ఎవరూ ఏమీ అడగరు.

కానీ పాలకు పోయేవాళ్లు జోరుగా నడవరు. నేనూ కొంగు కప్పుకుని, నిదానంగా కోట గోడ పక్కనున్న మైదానం దాకా పోయి వచ్చేదాన్ని. మళ్లీ పరీక్ష చేయిస్తే అక్కకు కాస్త దిగింది, నాకు ఇంకా ఎక్కింది. "రోజూ జోరుగా నడుస్తున్నారా?" అని డాక్టరమ్మ అడిగితే "ఆ" అన్నాను. పక్కనే ఉన్న అక్క నా వైపు ఒకసారి చూసి తల తిప్పుకుంది. నాకు తల కొట్టేసినట్టయింది.

మర్నాడు తెల్లవారుతుండగానే కొంగు దోపి మైదానం చుట్టూ జోరుగా నడిచాను. క్యాను మాత్రం వదల్లేదు. ఒక మూల ఎదురింటావిడ ఎదురైంది. ఆమె చేతిలోనూ క్యానే.

"పాలు దొరకలే వదినా," అంది.

"నాకు గూడ దొరకలే," అన్నాను.

ఎవరి దారిన వాళ్లం పోయాం. అర చుట్టు తిరిగేసరికి అవతలి మూల మళ్లీ ఎదురుపడ్డాం, అవే ఖాళీ క్యాన్లతో. ఇద్దరికీ చెమటలు. నవ్వుదామన్నా నవ్వు రాలేదు.

"నీకు గూడ షుగరేనా?" అన్నాను. తలూపింది. "మరి ఈ క్యానేంది? గిట్ల దాసుకునుడు ఎవరికి భయపడి?"

ఆమె నా ముఖంలోకి చూసింది. "పోయినేడు నడుద్దామని బూట్లు కొనుక్కుంటి. చీర మీద బూట్లేంది, పటాలంల చేరినవా అని అందరి ముందర నువ్వే గదా నవ్వితివి? ఆ దినమే నడక బంద్ పెట్టిన. ఇప్పుడు రోజూ షుగరు గోలీలు మింగుడు పడ్డది. మళ్ల నడుద్దామంటే నీకు భయపడే ఈ క్యాను."

ఆ మాట నాకు బాగా గుర్తుంది. గల్లీ అంతా పడీపడీ నవ్విందని ఆ రోజు ఇంటికొచ్చి అక్కకు కూడా గొప్పగా చెప్పుకున్నాను.